దూపైన మనిషి చదివిన పుస్తకం

మొన్న మా అమ్మాయి జనగామ నుంచి వస్తూనే బ్యాగులోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది. "అమ్మా, రెండో భాగం వచ్చింది!" అట్ట మీద ఎర్రటి గోడ, గోడ కింద బారులు తీరిన మనుషులు. నేను చేయి కూడా వేయలేదు. "నాకెందుకే అది? తీసెయ్" అని కసిరాను. అది తీసుకెళ్లి అలమరలో పెట్టింది. నా కోపం తన మీద కాదని దానికి తెలుసు. ఈ రెండో భాగం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన మనిషి ఒకడుండేవాడు. ఆ రాసినామె కాస్త ముందుగా రాసి ఉంటే ఆమె సొమ్మేం పోయేది!

ఆయన పేరు ఇక్కడ రాయను. కురవి దగ్గర చిన్న ఊరు వాళ్లది. ఆయన భార్యాపిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే బతకాలి.

మాకిద్దరికీ పరిచయమైంది మానుకోట దవాఖానలో, రక్తం కడిగే మెషీన్ల గదిలో. బయటివాళ్లు మహబూబాబాద్ అంటారు గానీ మాకది మానుకోటే. బజార్లో నాకు గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు అమ్మే చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. కిడ్నీలు పాడైన దగ్గర్నుంచి సోమ, బుధ, శుక్రవారాలు షాపు మూసి ఆ గదిలో పడుకుంటున్నాను. ఆయనది నా పక్క మంచం. నాకంటే వయసులో పెద్దవాడే, అయినా "అక్కా" అనేవాడు. నేను "అన్నా" అనేదాన్ని. ఎవరు ఎవరికి చిన్నో ఇద్దరం తేల్చుకోలేదు.

ఈ రోగం సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. మాకు ఒంట్లోంచి నీళ్లు బయటికి పోవు. తాగిన ప్రతి చుక్కా లోపలే ఉండిపోతుంది. ముందు కాళ్లలోకి దిగుతుంది, తర్వాత మొహంలోకి, అప్పటికీ ఊరుకోకపోతే ఊపిరితిత్తుల్లోకి. మెషీన్ వచ్చి లాగేసేదాకా మోయాల్సిందే. అందుకని రోజుకు ఇన్ని నీళ్లే అని డాక్టరు కొలిచి చెప్తాడు. మే నెల ఎండలో ఆ కొలత చూస్తే ఏడుపొస్తుంది. శుక్రవారం నుంచి సోమవారం దాకా మధ్యలో రెండు రోజులు ఖాళీ. మాలో పోయినవాళ్లు ఎక్కువమంది ఆ రెండు రోజుల తర్వాతే పోయారు. ఇది మా అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయన గదిలోకి రావడమే ఒక తమాషా. "నీళ్ల ట్యాంకర్ వచ్చింది, జర జరుగుండ్రి!" అని గుమ్మంలోంచే కేకేసేవాడు. నిజంగానే ట్యాంకర్ డ్రైవరు ఆయన. భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద దుమ్ము లేవకుండా పొద్దంతా నీళ్లు చల్లిన మనిషి. మంచం ఎక్కే ముందు అందరినీ బరువు తూస్తారు, ఒంట్లో ఎన్ని నీళ్లు చేరాయో తెలుసుకోవడానికి. ఆయన చెప్పులు విప్పేవాడు, తాళంచెవులు తీసేవాడు, ఫోను, దువ్వెన, ఆఖరికి కళ్లజోడు కూడా తీసి బల్ల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి ఎక్కేవాడు. "ఇప్పుడు సూడు తమ్మీ" అనేవాడు. ఆ టెక్నీషియన్ పిల్లాడు చూసి తల పట్టుకునేవాడు. "కళ్లద్దాలు తీస్తే నీళ్లు తగ్గుతయా పెద్దనాయినా?" అని వాడు, "బరువు కనపడకుండ నీ అద్దాలన్న తీసెయ్యి మరి" అని ఈయన.

మేము నీళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. మాట్లాడితే నోరెండుతుంది. ఆయనొక్కడే మాట్లాడేవాడు, అదీ లొట్టలేసుకుంటూ. మహదేవపూర్ వైపు బండి తోలుకుపోతే గోదారి ఒడ్డున ఆపి, ఇసుకలో బోర్లా పడుకుని, మూతి ముంచి తాగాడట. చెల్పూర్‌లో ఒక హోటల్లో ఫ్రిజ్ నీళ్లిస్తే పళ్లు జివ్వుమన్నాయి గానీ దూప తీరలేదట. "ఇగ ఆపు అన్నా, నీకు దండం పెడత" అని నేనంటే, "నీళ్లు తాగొద్దన్నరు, యాది చేసుకోవద్దనలే గదా" అనేవాడు.

పుస్తకం మా అమ్మాయి తెచ్చింది. నాలుగు గంటలు పడుకుని పైకప్పు చూస్తూ ఏం చేస్తావమ్మా, చదువుకో అని. ఏదో భాషలోంచి తెలుగులోకి తెచ్చిన నవల. పదహారేళ్ల పిల్లల కోసం రాసిందట! ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలుసో లేదో మరి. వానలు ఆగిపోయిన కాలం. ఎత్తయిన గోడల మధ్య ఒక నగరం. అక్కడ పుట్టుకను బట్టి నీళ్లు. మేడల్లో ఉన్నవాళ్లకు కుళాయిలు. గోడ కింద పుట్టినవాళ్లు గిన్నె, గ్లాసు, సీసా ఏదీ ఉంచుకోకూడదు. పొద్దున్నే వరుసలో నిలబడితే కాపలావాళ్లు పైనుంచి నీళ్లు వదులుతారు, ఎవరి దోసిట్లో ఎన్ని పడితే అన్నే. కథ నడిపే పద్నాలుగేళ్ల పిల్లకు ఒక తమ్ముడు. వాడి చేతులు చిన్నవి. నేను అక్కడిదాకా చదివి మూసేశాను. ఉన్న రోగం చాలదా!

"ఏం బుక్కు అక్క అది?" అన్నాడాయన.

"పనికిమాలిన బుక్కు. అందరూ దాహంతో చస్తుంటారు."

"ఇటియ్యి!" అన్నాడు, తినేదేదో అడిగినట్టు.

ఆయన ఎడమ చేయి మెషీన్‌కు కట్టి ఉండేది. పుస్తకాన్ని పొట్ట మీద ఆనించుకుని, కుడిచేత్తో పట్టుకుని, పేజీ తిప్పాల్సి వస్తే గడ్డంతో నొక్కిపెట్టి బొటనవేలితో తిప్పేవాడు. చదువుతూ చదువుతూ పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "అన్ని చావులల్ల నవ్వేదేముందన్నా?"

"నవ్వకేం జెయ్యాలె అక్క? వాళ్లకు పొద్దుగాల దోసెడు, మాపటికి దోసెడట. మనకంటె నయమే గదా!"

నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వాను.

అవతలి మంచం మీద ఒక తండా అవ్వ ఉండేది. ఇంట్లో వాళ్ల భాష, మాతో తెలుగు. "ఏం నవ్వుతున్నవ్ కొడుకా, నాకూ చెప్పు" అంది. ఆ రోజు నుంచి ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ చదవడంలో ఒక చిక్కు వచ్చిపడింది. తెలుగు చేసినాయన ఎవరో గానీ, ఆ పిల్ల చేత, మేడల్లోవాళ్ల చేత అచ్చు పుస్తకాల తెలుగు మాట్లాడించి, నీళ్ల దొంగల చేత, కాపలా గూండాల చేత మా మాట మాట్లాడించాడు. రెండు పేజీలు చదివి ఈయన ఆగిపోయాడు.

"సూసినవా అక్క? లోకమే ఎండిపోయిందట. అప్పుడు కూడ దొంగలకు మన మాటే పెట్టిండు."

"సినిమాల్లో చూసి చూసి రాసి ఉంటాడులే."

"ఉండు, వీని సంగతి చెప్త" అని, ఆ రోజు నుంచి చదువుతూ చదువుతూనే మాటలు మార్చేశాడు. పుస్తకంలో ఆ పిల్ల "నాకు చాలా దాహంగా ఉంది, దయచేసి కొంచెం నీరు ఇవ్వండి" అంటుంది. ఈయన "దూపైతుందే, జర నీళ్లు పొయ్యే" అని చదివేవాడు. కాపలావాడి వంతు వస్తే మూతి ముడుచుకుని, "ఏవండీ, కాస్త వరుసలో నిలబడండీ, తొక్కుకోకండీ" అని దీర్ఘాలు తీసేవాడు. అవ్వ కడుపు పట్టుకుని నవ్వేది. నర్సు వచ్చి గదమాయించేది. నేను పక్కనుంచి, "దాహం అని ఉంటే దాహం అనే చదవాలి గానీ, నీ ఇష్టమేనా?" అంటే తల అడ్డంగా ఊపేవాడు. "దాహం అంటే సదువుకున్నోళ్లది అక్క. గ్లాసు వచ్చేదాక కూసుంటది. దూప ఆగదు."

ఆ నవలలో ఒక చోట గోడ కింది తల్లులు రాత్రిళ్లు పసిపిల్లల వేళ్లు లాగుతుంటారు, చేతులు పెద్దవైతే నీళ్లు ఎక్కువ పడతాయని. ఆ పేజీ దగ్గర ఆయన పుస్తకం పొట్ట మీద వదిలేసి, తన కుడిచేతి వేళ్లు చాపి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "అక్కా, అట్ట మీద ఏం రాసిండ్రు?" అన్నాడు.

"రాబోయే కాలం కథ."

"రాబోయేదేంది! మా నాయిన కాలం గిది. నేను కూడ పట్టిన దోసిలి."

అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊళ్లో పెద్దింటివాళ్ల పొలంలో తండ్రి జీతం ఉండేవాడు. ఎండాకాలం తండ్రి వెంట పోతే, దూపైతే ఆ ఇంటి వాకిలి బయట నిలబడాలి. ఆ ఇంటి పెద్దమ్మ చెంబు తెచ్చి పైనుంచి పోసేది. తండ్రి నేర్పాడట దోసిలి ఎలా పట్టాలో. మోచేతులు దగ్గరికి పెట్టాలి, వేళ్ల సందులు మూయాలి, మూతి చేతులకు ఆనించాలి, తల ఎత్తొద్దు. తల ఎత్తితే ఆమె చెంబు ఆపేస్తుంది. ఒక చేయి మెషీన్‌కు ఉంది కాబట్టి సగం దోసిలే పట్టి చూపించాడు. "మంచిదే పెద్దమ్మ. ఎన్నడు లేదనలే. కని పైకెల్లి పోసేది" అన్నాడు. మా అమ్మమ్మ ఇంట్లోనూ జీతగాళ్లకు పైనుంచి పోసే చెంబు వేరే ఉండేది. అవ్వ తన భాషలో ఎవరినో గట్టిగా తిట్టింది.

ఆ పుస్తకాన్ని ఆయన ఎన్నిసార్లు చదివాడో! ఆ పిల్ల దొంగదారిన పోయి మేడల వెనకున్న చెరువులో మెడ దాకా దిగే పేజీలు రెండు ఉంటాయి. అవి నలిగి నలిగి పీలికలయ్యాయి. అవి చదివేటప్పుడు పైకి చదివేవాడు కాదు. పెదవులు మాత్రం కదిలేవి. ఆ మొహం చూస్తే నాకు భయమేసేది.

ముగింపు దగ్గర మాత్రం మేమిద్దరం బాగా పోట్లాడుకున్నాం. తమ్ముడు గొంతెండి చచ్చిపోతాడు. అల్లర్లు లేస్తాయి. అప్పుడు నగర పెద్ద ఆ పిల్లను మేడ మీదికి పిలిపించి, కింద జనమంతా చూస్తుండగా, తన గ్లాసులో తన చేత్తో నీళ్లు పోసి ఇస్తాడు. ఆ పిల్ల గ్లాసు అందుకుని, వాడి కళ్లలోకి చూస్తూ, నీళ్లన్నీ నేల మీద పారబోస్తుంది. అక్కడితో మొదటి భాగం అయిపోతుంది. వింటుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది, ఏడ్చాను కూడా. ఆయన పుస్తకాన్ని టప్పుమని మూసేశాడు.

"తప్పు రాసింది."

"ఏం తప్పు? పౌరుషమున్న పిల్ల అన్నా అది!"

"పౌరుషమేంది అక్క! దాని తాత పట్టలే, నాయిన పట్టలే గ్లాసు. తమ్ముడు దూపకు సచ్చె. ఇన్నొద్దులకు గ్లాసు చేతికొచ్చింది. తాగాలె! తాగి, మూతి తుడుసుకోని, ఆ ఎంగిలి గ్లాసు వాని చేతికే ఇయ్యాలె. పారబోస్తే వానికేం నష్టం? వానికి నీళ్లు మస్తుగున్నయి."

"తాగితే వాళ్లకు లొంగినట్టు కాదా?"

"లొంగుడు కాదు. పోసినోడు సూడాలె, మనం తాగుడు."

అప్పటి నుంచి వారాల తరబడి అదే గొడవ. నేను పారబోయడమే రైటు అనేదాన్ని. ఆయన వినేవాడు కాదు. "రెండో భాగం రానియ్యి. ఆ పిల్ల తప్పు తెలుసుకోని తాగుతది సూడు" అని పందెం కట్టేవాడు. మా అమ్మాయి ఫోన్ చేస్తే చాలు, "బిడ్డా, వచ్చిందా?" అని పక్క మంచం మీంచే అరిచేవాడు.

ఇంతలో ఆయన కొడుకు లగ్గం కుదిరింది. ఎండలు ముదిరిన రోజులు. ఊళ్లో పత్రికలు పంచాలి. మా దగ్గర గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లు ఇస్తారు. ముట్టకపోతే ఆ ఇంటిని కాదన్నట్టు. నేను శుక్రవారం మంచం దిగేటప్పుడు గట్టిగా చెప్పాను. "అన్నా, నువ్వు పోకు. నీ తమ్ముళ్లను పంపు. పోతే మాత్రం, ఇంటింటికీ నాకు రోగమని చెప్పు. రెండు రోజుల ఖాళీ ఉంది, యాది పెట్టుకో."

"అట్లనే అక్క. మూతికి ఆనిచ్చి ఇడుస్త" అన్నాడు.

సోమవారం పొద్దున ఆయన నీళ్ల ట్యాంకర్ అని కేకేయలేదు. ఇద్దరు పట్టుకుని తెచ్చారు. మొహం ఉబ్బి కళ్లు కనపడటం లేదు. పడుకోబెడితే ఊపిరి ఆడటం లేదని మంచం మీద కూర్చోబెట్టి వెనక నుంచి భార్య పట్టుకుంది. బరువు తూయలేదెవరూ. రొమ్ములో గురగుర నాకు వినపడుతోంది. ఆక్సిజన్ పెట్టారు. టెక్నీషియన్ పరుగెత్తుతున్నాడు. నేను అప్పటికే మెషీన్‌కు కట్టేసి ఉన్నాను, లేవలేను.

"ఏం చేసినవన్నా?" అన్నాను.

మాస్కు పక్కకు జరిపి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఊరంతా తిరిగాడట. ఎవరింట్లోనూ తాగలేదట. ఆఖరికి పెద్దింటికి పోయాడు. వాకిట్లో నిలబడి పత్రిక చాపితే, ఆ పెద్దమ్మ, ముసలిదైపోయింది, లోపలికి రమ్మందట. కుర్చీ వేయించిందట. లోపలికి పోయి స్టీలు గ్లాసులో నీళ్లు తనే తెచ్చి చేతికిచ్చిందట.

"చెప్పొద్దా, రోగమని!"

"చెప్తే... గ్లాసు వాపస్ కొంటవోతది గదా అక్క. మల్లెప్పుడు తెస్తది?"

"ఎన్ని తాగినవ్?"

"ఆమె పోస్తనే ఉన్నది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కొడుకు లగ్గం ముందు పెట్టుకుని నీకేం పోయేకాలమన్నా, ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతాయా అని అరిచాను. నర్సు నన్ను ఊరుకోబెట్టింది. ఆయన మొహంలో నేనన్న మాటలు చేరిన జాడ లేదు. ఆ ఉబ్బిన మొహంలోనే చిన్నగా నవ్వు.

"సల్లగున్నయి అక్క" అన్నాడు.

మెషీన్ పెట్టారు గానీ బీపీ నిలబడలేదు. వరంగల్ తీసుకుపొమ్మన్నారు. దారిలోనే పోయాడు.

ఆ పెద్దమ్మను ఏమనగలం? ఆమెకేం తెలుసు పాపం, మర్యాద చేసింది. నాకు మండేదల్లా, ఆ మర్యాద ఆయన కిడ్నీలు బాగున్న రోజుల్లో చేసి ఉంటే, ఒక గ్లాసు తాగి వచ్చేసేవాడు. దాని గురించి ఎవరికీ చెప్పేవాడు కూడా కాదు. అలా అనుకున్నా ఆయన మీద కోపం పోలేదు. పక్క మంచం మీదికి వేరే మనిషి వచ్చాక కూడా లోపల లోపల ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. చెప్పొచ్చు కదా. వద్దనొచ్చు కదా. ఒక్క మాట కదా.

దినాలు అయిపోయాక ఒక శనివారం మా అమ్మాయిని తీసుకుని వాళ్ల ఊరికి పోయాను. ఎర్రటి ఎండ. బస్సు దిగి వాళ్ల వాడ దాకా నడిచేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. రేకుల ఇల్లు. భార్య లోపల గోడకు ఆనుకుని ఉంది, నన్ను చూసి ఏడుపు అందుకుంది. మా అమ్మాయి ఆమె దగ్గరికి పోయి కూర్చుంది. వాకిట్లో చుట్టాలు నలుగురైదుగురు మగవాళ్లు ఉన్నారు. నాకు కుర్చీ వేశారు.

ఆయన తల్లి ఇంకా బతికే ఉంది. నడుం వంగిపోయిన మనిషి. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో చెంబు పట్టుకుని వచ్చింది. "తాగు బిడ్డా, ఎండల వడి వచ్చినవ్" అంది. నేను గ్లాసు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. నాకు రోగమని, కొలతని, ఆమెతో చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఆమె కదలకుండా నా ముందే నిలబడింది. వాకిట్లో మాటలు ఆగిపోయాయి. అందులో ఒకాయన నా చేతిలోని గ్లాసు వైపే చూస్తున్నాడు. పక్కాయనతో, నాకు వినపడదనుకున్నాడో ఏమో, "ముట్టది సూడు" అన్నాడు.

నేను గ్లాసు ఎత్తి ఆపకుండా తాగేశాను. కుండ నీళ్లు. గొంతులోంచి రొమ్ములోకి, రొమ్ములోంచి కడుపులోకి దిగుతుంటే తెలుస్తూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మగవాళ్లు మళ్లీ మాటల్లో పడ్డారు. నన్నిక ఎవరూ చూడటం లేదు. ఇంకొక్క చుక్క కూడా తాగాల్సిన పని లేదు.

"ఇంకిన్ని పొయ్యాల్నా బిడ్డా?" అంది ముసలామె, చెంబు వంచుతూ.

సోమవారం ఇంకా రెండు రోజులుంది. లోపలి నుంచి మా అమ్మాయి "అమ్మా!" అని గట్టిగా పిలిచింది.

నేను గ్లాసు చాపాను.